ఆధారం అడిగితే తప్పా?

ప్రబంధ కవులకి ఆడదాన్ని తీగతో పోల్చడం ఎంత అలవాటైపోయిందంటే, చివరికి పోలిక జారిపోయి పేరే మిగిలింది. తీగబోడి, విరిబోడి, అలరుబోడి, లతాంగి... నిఘంటువు తెరిస్తే వీటన్నిటికీ ఒకటే అర్థం: స్త్రీ. ప్రబంధాల్లో స్త్రీ వర్ణనల మీద పిహెచ్.డి. చేసిన ఆరేళ్ళూ నేను ఈ మాటల మధ్యే బతికాను. నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం మొత్తం తీగల గురించే. అక్కడ నేను వాదించింది సూటిగా చెప్పాలంటే ఇది: తీగ నాజూకైనదని కవి అన్నప్పుడల్లా దాని పక్కన, చెప్పకుండానే, ఒక చెట్టుని నిలబెడతాడు. తీగ అందాన్ని వర్ణిస్తున్నట్టే ఉంటుంది గానీ చెట్టు అవసరాన్ని రుజువు చేస్తుంటాడు. తీగ ఉంది కాబట్టి చెట్టు ఉండాలి. ఆడది ఉంది కాబట్టి ఆమెకో మగవాడి ఆసరా ఉండాలి. అలంకారంలా కనబడుతుంది, ఆజ్ఞలా పనిచేస్తుంది.

ఆ వాదన మీద నాకు ఇప్పటికీ గట్టి నమ్మకమే. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. దాని పక్కనే ఉన్న ఇంకో ప్రశ్న కొన్నేళ్ళుగా నన్ను వదలడం లేదు. తీగ అన్నవాళ్ళకి జవాబుగా మనం "మేం తీగలం కాదు, చెట్లం" అన్నాం. "నీ కాళ్ళ మీద నువ్వు నిలబడు" అన్నది మా తరం ఆడపిల్లలకి తల్లులు ఇచ్చిన మొదటి ఆస్తి. పొలాలు కొడుకులకి పోయినా ఆ మాట మాత్రం మాకు దక్కింది. అయితే దాని కొంగున ముడేసుకుని ఇంకో మాట కూడా వచ్చింది: ఎవరి మీదైనా వాలడం సిగ్గుచేటు అని. మరి వాలక తప్పని రోజు వస్తే? ఆసరా అవసరం పడ్డ మనిషి ఆ క్షణం నుంచి ఒక మెట్టు కిందికి దిగిపోయినట్టేనా?

ఇదంతా నేను ఆలోచించింది ఒక జాజితీగ దగ్గర. కాబట్టి ముందు ఆ తీగ సంగతి చెప్పాలి.

హైదరాబాదులో నేను అద్దెకుంటున్నది మూడో అంతస్తు. పైన డాబాలో సగం మా వాడకానికి ఇచ్చారు. 2016 వానాకాలంలో అమ్మ తెనాలి నుంచి వస్తూ తడిగుడ్డలో చుట్టి నాలుగు జాజి కొమ్మలు తెచ్చింది. "నాలుగు పాతితే ఒకటి బతుకుతుంది" అంది. రెండు బతికాయి. జాజి అంటే వృక్షశాస్త్రంలో జాస్మినమ్ గ్రాండిఫ్లోరమ్. మల్లె వేరు, అది జాస్మినమ్ శాంబాక్. మన ఊళ్ళలో ఈ పేర్లు ఊరికో తీరుగా కలగలిసిపోతాయి. ఒక ఊళ్ళో సన్నజాజి అన్నదాన్ని ఇంకో ఊళ్ళో విరజాజి అంటారు, ఇద్దరూ తమదే సరైనదని వాదిస్తారు. గుర్తుపట్టాలంటే ఆకు చూడాలి. మల్లెకి ఒంటి ఆకు. జాజికి ఒక ఈనెకి అటూ ఇటూ చిన్న చిన్న ఆకులు, కొసన ఒకటి కాస్త పొడుగ్గా. మొగ్గ వెనక గులాబిరంగు జీర ఉంటుంది. పువ్వు విచ్చుకున్నాక ఆ జీర కిందికి పోయి, పైనుంచి చూస్తే తెలుపే కనిపిస్తుంది.

పెన్సిలంత లావు కొమ్మ తీసుకుని, మూడు నాలుగు కణుపులుండేట్టు కోసి, కింది ఆకులు తుంచేసి, రెండు కణుపులు ఇసుక కలిపిన మట్టిలో మునిగేట్టు పాతాలి. నీడలో ఉంచాలి. చిగురు కనిపించింది కదా అని సంబరపడకూడదు. కొమ్మలో నిలవున్న సత్తువతోనే ముందు చిగురేస్తుంది, వేరు తర్వాత ఎప్పటికో వస్తుంది. రోజూ లాగి చూసేవాళ్ళకి జాజి బతకదు. వేరు పట్టాక పెద్ద తొట్టి, ఎర్రమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి. సగం పూటైనా ఎండ తగలాలి. నీళ్ళు పోయాలి గానీ నిలవకూడదు, నిలిస్తే ఆకు పసుపు తిరుగుతుంది. చలికి మొండికేస్తుంది, వానలు పడ్డాక విరగబూస్తుంది. మా వాతావరణంలో ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది.

ఇక అసలు విషయం, కట్టడం. చిక్కుడు తీగకి కర్ర చూపిస్తే చాలు, తనే చుట్టుకుని పోతుంది. జాజి అలా కాదు. పొడుగ్గా సాగుతుంది, తన బరువుకి తనే వంగుతుంది, దగ్గర్లో ఏదుంటే దాని మీద వాలుతుంది. ఏమీ లేకపోతే నేలమీదే పొదలా పడి ఉంటుంది. పైకి పోవాలంటే ఎవరో ఒకరు కట్టాలి. అమ్మ పురికొసతో కట్టేది. కర్రకీ కాండానికీ మధ్య ఎనిమిది అంకెలా తిప్పి, ముడి వేసేటప్పుడు లోపల తన చిటికెన వేలు పెట్టేది. ముడి పడ్డాక వేలు లాగేసేది. ఆ వేలంత ఖాళీ ఉండాలి. బిగించి కడితే ఏడాది తిరిగేసరికి కాండం లావెక్కి, తాడు లోపలికి దిగబడి కోసేస్తుంది. అప్పుడు నిలబెట్టిన తాడే తీగని చంపుతుంది.

చార్లెస్ డార్విన్ పాకే మొక్కల మీద ఒక పుస్తకం రాశాడు. 1865లో వ్యాసంగా వచ్చి 1875లో పుస్తకమైంది. అందులో హాప్ అనే తీగ గురించి (బీరులో చేదుకోసం వేసే పూలు దానివే) సుదీర్ఘమైన పరిశీలన ఉంది. దాని కొస గాలిలో గుండ్రంగా తిరుగుతూ ఆధారం కోసం వెతుక్కుంటుంది. వేడి రోజుల్లో ఒక చుట్టు తిరగడానికి రెండు గంటల పైచిలుకు పడుతుందని ఆయన లెక్కగట్టాడు. రాత్రీ పగలూ అంత ఓపికగా ఎలా చూశాడా అంటే, ఆయన అప్పుడు జబ్బుతో గదికే పరిమితమై ఉన్నాడు. కుండీని గదిలోనే పెట్టుకున్నాడు. ఆ మాట పుస్తకంలో తనే చెప్పుకున్నాడు. మంచాన పడ్డ మనిషి, ఇంట్లో నలుగురూ చాకిరీ చేస్తుంటే, ఆధారం వెతుక్కునే తీగని చూస్తూ కూర్చోవడం నాకు భలే నచ్చిన దృశ్యం.

ఆయన తేల్చింది ఏమిటంటే, తీగది బలహీనత కాదు, పొదుపు. చెట్టు వెలుతురు అందుకోవాలంటే ఏళ్ళ తరబడి కలప పోగుచేసుకోవాలి, తన బరువు మోయడానికే సగం బతుకు ఖర్చుపెట్టాలి. తీగ ఆ ఖర్చు పెట్టుకోదు. తక్కువ పదార్థంతో అదే వెలుతురుని చేరుతుంది. మిగిలిన సత్తువ ఆకులకీ పూలకీ పోతుంది. అంటే తీగ, చెట్టు కాలేక తీగ అవలేదు. అడవిలో బతకడానికి అదొక దారి, అంతే. ఈ సంగతి తెలిశాక లతాంగి అన్న మాటలో తిట్టు ఎక్కడుందా అని మళ్ళీ వెతికాను. తిట్టు తీగలో లేదు. "నాకు ఆధారం అక్కర్లేదు" అని నిలబడ్డ చెట్టు గర్వంలో ఉంది. నిజానికి చెట్టు కూడా మట్టిని పట్టుకునే నిలబడుతుంది. మట్టి పేరు ఎవరూ చెప్పరు.

ఈ పోలిక మనవాళ్ళ సొంతమేమీ కాదు. మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792లో స్త్రీ హక్కుల మీద రాసిన పుస్తకంలో ఓక్ చెట్టుని అల్లుకున్న ఐవీ తీగ ఉపమానాన్ని ఎత్తి, అలా ఉంటే బాగానే ఉండును గానీ ఆ చెట్లనబడే భర్తలే చాలాసార్లు ఎదిగిన పసిపిల్లల్లా ఉంటారు కదా అని చురక వేసింది. మన దగ్గర కాళిదాసు శాకుంతలం ఉంది. ఆశ్రమంలో ఒక నవమాలిక తీగ ఉంటుంది, మల్లె జాతిదే. శకుంతల దానికి వనజ్యోత్స్న అని పేరు పెట్టుకుంటుంది. అది తనంతట తాను మామిడి చెట్టుని వరించిందని చెలికత్తెల మాట. అత్తవారింటికి వెళ్ళేటప్పుడు శకుంతల ఆ తీగని కావలించుకుని సెలవు తీసుకుంటుంది. కణ్వుడు తీగకీ దిక్కు దొరికింది, కూతురికీ దిక్కు దొరికిందని నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంటాడు. తర్వాతి అంకంలో ఏం జరిగిందో మనందరికీ తెలుసు. నిండుచూలాలు వచ్చి నిలబడితే దుష్యంతుడు నువ్వెవరో నాకు తెలియదన్నాడు. శాపమనీ ఉంగరమనీ ఎన్ని సర్దుబాట్లు చేసినా, ఆశ్రమంలోని మామిడి చెట్టు మాత్రం ఏనాడూ తీగని గుర్తుపట్టనని అనలేదు. ఉపమానం అక్కడ తెగిపోతుంది. కవి తెంపినట్టు లేదు, దానంతటదే తెగింది.

మా డాబా మీద మామిడి చెట్టు లేదు. జాజికి అక్కడ రెండు వెదురు కర్రలు, ఒక జీఐ తీగ, బట్టలారేసుకునే దండెం, పిట్టగోడ. ఏ ఒక్కటీ మొగుడు కాదు. ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి మారుతుంటుంది. గత ఏడాది పక్కింటివాళ్ళ డిష్ యాంటెన్నా మీద కూడా వాలింది. వాళ్ళబ్బాయి క్రికెట్టు చూసే రోజున పెద్ద గొడవైంది.

సుకుమారం అన్న మాట గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఫ్రాన్సులో గ్రాస్ అనే ఊరుంది, అత్తర్లకి పేరు. అక్కడ పండించేది మన జాజే. అక్కడి మంచుకి అది చచ్చిపోతుంది కాబట్టి, చలికి తట్టుకునే ఇంకో జాజి జాతి వేరు మీద అంటుకట్టి, శీతాకాలంలో మొదలు చుట్టూ మట్టి ఎగదోసి కాపాడతారు. వాళ్ళ తోటపని పుస్తకాల్లో ఇది సుకుమారమైన మొక్క. గుంటూరు జిల్లాలో మే నెల ఎండకి తారు కరిగే రోడ్డు పక్కన ఇదే మొక్క ఎవరూ పట్టించుకోకపోయినా బతుకుతుంది. మరి సుకుమారం ఎక్కడుంది, మొక్కలోనా, నాటిన చోటులోనా? ఆడపిల్లని సుకుమారి అనేవాళ్ళని ఈ ప్రశ్న అడగాలి. ఆమెని ఎక్కడ నాటారు, అక్కడ ఎంత మంచు కురుస్తోంది?

పైగా ఈ సుకుమారాన్ని ఎవరు మోస్తున్నారో కూడా చూడాలి. కిలో జాజి పూలంటే దాదాపు 10,000 పూలు. ఒక్కొక్కటీ చేత్తో కొయ్యాల్సిందే, దీనికి యంత్రం లేదు. జాజి రాత్రిపూట విచ్చుకుని, వాసనతో రాత్రి తిరిగే రెక్కల పురుగుల్ని పిలుస్తుంది. దండలకి అమ్మాలంటే విచ్చుకోకముందే మొగ్గగా కొయ్యాలి. మైలవరం చుట్టుపక్కల మల్లెతోటల్లో కూలికి పోయే ఆడవాళ్ళు తెల్లారకముందే చేలో ఉంటారు, నడుం వంచి. గుడిమల్కాపూర్ మార్కెట్టుకి చేరేసరికి అది మూరల లెక్క. అమ్మే ఆవిడ మోచేతి నుంచి వేలి కొస దాకా మూర. కొనేవాళ్ళు చెయ్యి పొట్టిగా ఉందని బేరమాడతారు.

జాజిని పెంచడంలో నన్ను ఇబ్బంది పెట్టింది కట్టడం కాదు, కత్తిరించడం. కొత్త చిగురు కొసల్లోనే జాజి మొగ్గ తొడుగుతుంది. పాత కొమ్మ పెద్దగా పుయ్యదు. కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో తీగని బాగా కిందికి కోసేస్తారు. నీళ్ళు తగ్గిస్తారు. మల్లెకైతే కొన్నిచోట్ల ఉన్న ఆకు కూడా దూసేసి మోడు చేస్తారు. ఆకలికీ దెబ్బకీ భయపడ్డట్టుగా, వేసవి రాగానే అది ఒళ్ళంతా పూస్తుంది. మొదటిసారి అమ్మ కట్టర్ పట్టుకుని ఏడాదంతా కట్టుకుంటూ వచ్చిన తీగని మోకాలెత్తుకి కోసేస్తుంటే నేను చూడలేకపోయాను. ఎక్కడో చదివినట్టుంది, ఎవరికో జరిగినట్టుంది. "నీ మంచికే" అన్న మాట చెవిలో మోగింది.

ఆ మాట మా ఇంట్లో కొత్తది కాదు. అమ్మ 1977లో పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైంది. తాతయ్య కాలేజీకి పంపలేదు. పొరుగూరు నడిచి వెళ్ళాలి, దారి మంచిది కాదు, నీ మంచికే చెబుతున్నా అన్నాడు. చదువు ఆపారు, సంబంధాలు చూశారు, పెళ్ళి చేశారు. పూలు పుయ్యడమంటే వాళ్ళ లెక్కలో అదే. నేను ఇదంతా కలిపి అమ్మతో అన్నాను. నీకు చేసిందే నువ్వు దీనికి చేస్తున్నావు అని.

అమ్మ చెయ్యి ఆపలేదు. "అది చెట్టే, నేను మనిషిని. రెండూ ఒకటి ఎట్లా అవుతాయి?" అంది. కాసేపాగి, "అయినా దాని మంచికని నేనెప్పుడన్నాను? నాకు పూలు కావాలి. అందుకని కోస్తున్నా. దాని మంచి అంటే ఊరికే వదిలేస్తే అదే చూసుకునేది, అడవిలో దానికి ఎవరు కోస్తున్నారు?" అంది.

నైతికత గురించి నేను చదివిన చాలా వ్యాసాలకంటే ఈ మాట నన్ను ఎక్కువ రోజులు పట్టుకుంది. కత్తిరింపు క్రూరమా కాదా అన్నది ఒక ప్రశ్న. కానీ కత్తిరించే చెయ్యి ఎవరికోసం కత్తిరిస్తున్నానని చెబుతోంది అన్నది అంతకంటే ముందు వచ్చే ప్రశ్న. నాకు పూలు కావాలి అన్నవాడితో వాదించొచ్చు, కుదరదనొచ్చు, బేరమాడొచ్చు. నీ మంచికే అన్నవాడితో ఏం వాదిస్తాం? వాదించడమే కృతఘ్నత అయిపోతుంది. పితృస్వామ్యం చేసిన అతి తెలివైన పని ఇదే అనుకుంటాను: పందిరి వేసిన చేత్తోనే కత్తెర పట్టుకుని, రెండిటినీ ఒకే మాటతో రక్షణ అని పిలిచింది. దాంతో కత్తెరని వద్దంటే పందిరి కూడా పోతుందేమోనన్న భయం మనలో నాటుకుంది. కొందరం కత్తెర భయంతో పందిరినే వద్దనుకున్నాం. ఆధారాన్నీ అధికారాన్నీ విడదీసి చూడడం మనకి ఇంకా సరిగ్గా రాలేదు.

నాన్న 2014లో పోయాడు. అప్పటి నుంచి అమ్మ పూలు పెట్టుకోవడం మానేసింది. ఎవరూ బలవంతం చెయ్యలేదు, పెట్టుకోమని కూడా ఎవరూ అనలేదు. పదకొండో రోజు నుంచి ఆ ఊసే లేదు. తెనాలిలో ఇంటి ముందు జాజి పందిరి మాత్రం అలాగే పెంచింది. కోసి, అరటినారతో కట్టి, వీధిలో ముత్తైదువలందరికీ పంచేది. పేరంటానికి పిలవరు గానీ పేరంటంలో పెట్టుకునే పూలు అమ్మ కట్టినవే. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. దానికంటే పాతికేళ్ళ ముందే, 1856లో, చట్టం వచ్చింది. మళ్ళీ పెళ్ళి చేసుకోవడానికి చట్టం, సభలు, ఉద్యమం అన్నీ వచ్చాయి. పెళ్ళి అక్కర్లేదు, జడలో నాలుగు జాజిపూలు చాలు అనుకునే ఆడదాని గురించి ఎవరూ చట్టం చెయ్యలేదు. చట్టం కూడా ఏం చేస్తుంది? అక్కడ అడ్డం పడుతున్నది నిషేధం కూడా కాదు, ఒక మౌనం.

నేను ఒకటి రెండుసార్లు పూలు తీసుకెళ్ళి అమ్మ జడలో పెట్టబోయాను. తల పక్కకి తిప్పింది. "నీ స్త్రీవాదం నా నెత్తిన పెట్టకు" అంది నవ్వుతూనే. నేను ఊరుకున్నాను. పెట్టుకోకూడదన్నవాళ్ళకీ, పెట్టుకుని తీరాలన్న నాకూ తేడా ఏమిటని అడిగితే నా దగ్గర ఉన్న జవాబు అమ్మకి సరిపోయేది కాదు.

2022లో అమ్మ తెనాలి ఇంట్లో గడప దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయ్యాక ఒంటరిగా వదలడం కుదరదు. తమ్ముడు పుణెలో ఉంటాడు, వాళ్ళిద్దరూ ఉద్యోగాలు. నేను హైదరాబాదు తీసుకొస్తానన్నాను. అప్పుడు మొదలైంది అసలు రభస. కొడుకుండగా కూతురింట్లో ఉండడమేమిటని బంధువులు. వాళ్ళకంటే ఎక్కువగా అమ్మ. మనువు ఆడదానికి ముగ్గురు రక్షకుల్ని చెప్పాడు: తండ్రి, భర్త, కొడుకు. ఆ జాబితాని మనం ఎన్నోసార్లు విమర్శించాం, ఆడది ఎప్పుడూ ఎవరో ఒకరి కిందే ఉండాలా అని. నేను మాత్రం ఆ వారాల్లో ఇంకోటి గమనించాను. ఆ జాబితాలో కూతురు లేదు. కూతురు ఆధారం కాలేదు, కానివ్వరు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం పిల్లలంటే కూతురు కూడా అని స్పష్టంగానే చెప్పింది. చట్టం చెప్పినా అమ్మ నోటికి మాత్రం ముద్ద దిగలేదు. మొదటి నెల తన పెన్షన్ డబ్బులు నా బల్ల సొరుగులో పెట్టి, "నా తిండికి" అంది.

నా కాళ్ళ మీద నన్ను నిలబడమని చెప్పి, నిలబెట్టి, పిహెచ్.డి. దాకా చదివించిన మనిషి ఇప్పుడు తన కాళ్ళ మీద తను నిలబడలేక నా భుజం పట్టుకుంటోంది. పట్టుకున్న ప్రతిసారీ క్షమించమన్నట్టు చూస్తోంది. బాత్రూములోకి నడిపిస్తుంటే "నీకు భారమైపోయానే" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కోపమొస్తుంది, అమ్మ మీద కాదు. వాలడం తప్పని ఇంత గట్టిగా ఎవరు నేర్పారు ఈమెకి? ఏళ్ళ తరబడి ఇంటిల్లిపాదీ ఈమె మీదే వాలి ఉన్నారు. నాన్న ఉద్యోగం, మా చదువులు, నానమ్మ మంచం పట్టిన నాలుగేళ్ళు, అన్నీ. అప్పుడెవరికీ భారమన్న మాట గుర్తు రాలేదు.

అమెరికన్ తత్వవేత్త ఈవా ఫెడర్ కిట్టే 1999లో 'లవ్స్ లేబర్' అనే పుస్తకం రాసింది. ఆధారపడడం మనిషి బతుకులో అపవాదం కాదని, ప్రతి మనిషీ ఏదో ఒక దశలో పూర్తిగా ఇంకొకరి మీద ఆధారపడే బతికిందని గుర్తుచేస్తుంది. సమానత్వం అంటూ మనం ఊహించుకునే స్వతంత్రులైన వ్యక్తుల వెనక ఈ ఆధారాన్ని మోసిన ఆడవాళ్ళు దాగి ఉంటారంటుంది. ఆమె చెప్పే ఇంకో సంగతి నాకు మరీ ముఖ్యం: ఆధారంగా నిలిచినవాళ్ళకి కూడా ఆధారం కావాలి. పురిటి సాయం చేసే ఆడవాళ్ళని దృష్టిలో పెట్టుకుని ఆమె ఈ మాట చెబుతుంది. తల్లి బిడ్డని చూసుకుంటుంది, తల్లిని ఎవరో చూసుకోవాలి.

మా ఇంట్లో ఆ మూడో మనిషి ఉంది. నేను పనికెళ్ళినప్పుడు అమ్మ దగ్గరుండడానికి నల్గొండ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఆవిడ వస్తుంది. నెలకి 14,000 ఇస్తున్నాను. నా ప్రాజెక్టు జీతంలో అంతకంటే ఇవ్వలేను, అది చాలదని ఇద్దరికీ తెలుసు. ఆమె తల్లికి పక్షవాతం. ఊళ్ళో వదిన చూసుకుంటోంది. ఆ వదిన కూలిపని మానుకుంది. నేను నా కాళ్ళ మీద నిలబడ్డానని ఎవరైనా అంటే ఈ వరస మొత్తం గుర్తొస్తుంది. నా కింద అమ్మ, మా ఇద్దరి కింద ఈవిడ, ఆవిడ కింద ఊళ్ళో ఎవరో పేరు తెలియని వదిన. ఇంతమంది మీద వాలి, నేను చెట్టునని చెప్పుకోవడం నాకు చేతకాదు. తీగనని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గూ లేదు. సిగ్గుపడాల్సింది ఏమైనా ఉంటే, ఆ వరసలో కింద ఉన్నవాళ్ళకి ఎవరూ తాడు కట్టడం లేదన్నందుకు. వాళ్ళ మీద వాలిన బరువుకి లెక్క లేదు, వాళ్ళు వాలడానికి కర్ర లేదు. మన స్త్రీవాద పత్రికల్లో ఇంటి చాకిరీ గురించి చాలా రాసుకున్నాం. ఆ చాకిరీని కొనుక్కుని చదువుకున్న మనలాంటివాళ్ళం మన గురించి రాసుకున్నది తక్కువ.

ఆ సాయం చేసే ఆవిడే అమ్మతో ఒకరోజు గొడవపడింది. అమ్మ ఎప్పటిలాగే భారం భారం అంటుంటే, "ఏందమ్మా ఊకె బరువు బరువు అంటవు, నా చేతులకు తెల్వదా నీ బరువెంతో? మోస్తున్నది నేను గద" అందిట. సాయంత్రం అమ్మే నాకు చెప్పింది. చెప్పి చాలాసేపు నవ్వింది. ఆ తర్వాత ఆ మాట పూర్తిగా మానేసిందని చెప్పలేను, తగ్గించింది.

ఇప్పుడు అమ్మ వాకర్ పట్టుకుని, పిట్టగోడ పట్టుకుని, డాబా మీదికి వస్తోంది. లిఫ్టు మూడో అంతస్తు దాకే. మిగిలిన పదహారు మెట్లు మా ఇద్దరిలో ఒకరి భుజం మీద. వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆజ్ఞలు జారీ చేస్తుంది. వంగడం కుదరదు కాబట్టి ముళ్ళు నేను వేస్తున్నాను, చిటికెన వేలు పెట్టి. నా వేలు సన్నమనీ, బొటనవేలు పెట్టమనీ అమ్మ గొణుగుడు. పూలు సగం సాయానికి వచ్చే ఆవిడ కూతురికి, సగం కింది వాటాలోవాళ్ళకి. నాలుగు మొగ్గలు మాత్రం ఈమధ్య అమ్మ దిండు పక్కన స్టీలు గిన్నెలో కనిపిస్తున్నాయి. నేను అడగలేదు.

ఈ డిసెంబరులో కత్తిరింపు విషయంలో ఒప్పందం ఇంకా కుదరలేదు. సగం తీగ ఊరికే వదిలేసి చూద్దామని నేను. పూలు తగ్గితే ఎవరికి తగ్గించి ఇస్తావో ముందు అది చెప్పమని అమ్మ. సాయానికి వచ్చే ఆవిడ మాత్రం తన వాటా తగ్గేది లేదని ముందే చెప్పేసింది.